క్లారెండను ప్రభువు చరిత్రము

పోయిన రాజ్యమును రాజవంశమొకటి మరల పొందుట చరిత్రలో అరుదు. పొందినపుడైనను సాధారణముగా సైన్యములు నడచి, కోటలు కూలి, నెత్తురు చిందిన పిమ్మటనే పొందును. 1660వ సంవత్సరము మే 29వ తేదీన, తనకు ముప్పది యేండ్లు నిండిన దినముననే, రెండవ ఛార్లెసు లండను నగరము ప్రవేశించినపుడు మాత్రము వీథులలో పూలు చల్లిరి, ఘంటలు మ్రోగించిరి. అతని నెదిరించి ఒక్క ఫిరంగియైనను ప్రేలలేదు. పదునొకండేండ్లకు పూర్వము అతని తండ్రిని వధ్యస్థానమున నిలిపి శిరశ్ఛేదము చేసిన నగరమే ఇది. ఈ మార్పునకు కారణములు పెక్కు గలవు: రాజవధానంతరము దేశమునేలిన ఆలివరు క్రామ్వెలు మరణించిన తరువాత పరిపాలనము దిక్కులేనిదగుట, సైన్యాధికారము చూచి ప్రజలు విసుగుట, స్కాట్లండునుండి దండు నడపి వచ్చిన జనరల్ మాంకు రాజపక్షమునకు మొగ్గుట. అయినను, ప్రవాసమందున్న ఆ రాజు తన ప్రజలకు ఏ మాట యీయవలెనో, ఏ మాట యీయరాదో ఆలోచించి నిర్ణయించిన కలము వేరొకటి గలదు. అది ఎడ్వర్డు హైడు అను న్యాయవాదిది. అతడే క్లారెండను ప్రభువు. ఏడేండ్లు గడచీ గడవకమునుపే ఆ రాజే అతనిని పదవీచ్యుతుని గావించెను. ఆ దేశమే అతనిని వెడలనడచెను.

రెండవ ఛార్లెసు కాలమనగానే నాటకశాలలు, రాజు ప్రియురాండ్రు, రాచెస్టరు బకింగాముల వంటి విలాస పురుషులు మనకు జ్ఞప్తికి వత్తురు. ఆ కథలు మనోహరములే. కాని ఆ యుగము దేనిని నిలుపబూనెనో, దేనిని నిలుపలేకపోయెనో తెలియగోరువారు ఈ స్థూలకాయుని, వాతరక్త రోగపీడితుని, ముక్కుసూటి మంత్రి జీవితమును చదువవలెనని నా నమ్మకము.

హైడు 1609 ఫిబ్రవరి 18న విల్టుషైరు మండలమందలి డింటను గ్రామమున జన్మించెను. తండ్రి భూవసతి గల గృహస్థుడే గాని ప్రభువర్గమునకు చెందినవాడు కాడు. మూడవ కుమారుడగుటచేత ఎడ్వర్డును మతాచార్యుని చేయదలచి ఆక్సుఫర్డునకు పంపిరి. అన్నలు గతించి వంశభారము తనపై బడగా, అతడు ఆ మార్గము విడిచి, ప్రధాన న్యాయమూర్తిగా నుండిన పినతండ్రి నికొలాసు హైడు అండతో లండనునందలి మిడిల్ టెంపుల్ అను న్యాయవిద్యాలయమున ప్రవేశించెను. పెండ్లియాడిన మొదటి భార్య ఆరు నెలలు తిరుగకమునుపే మశూచికమువలన మరణించినది. ఆ దుఃఖము తీరిన పిదప 1634లో ఫ్రాన్సెసు ఐల్సుబరీ అను నామెను వివాహమాడెను. ప్రవాస దారిద్ర్యములోను పదవీ వైభవములోను అతని వెన్నంటి నిలిచిన యిల్లాలు ఈమెయే.

అతని మనస్సును తీర్చినవి న్యాయశాస్త్ర గ్రంథములకంటె మిత్రులే యని చెప్పవచ్చును. యౌవనమున కవి బెన్ జాన్సను సాంగత్యము, న్యాయపండితుడగు సెల్డను సాంగత్యము లభించినవి. అన్నింటికంటె మిన్నగా నతడు తలచినది లూషియసు కేరీ యను ఫాక్లాండు ప్రభువు స్నేహము. ఆక్సుఫర్డు సమీపమున గ్రేట్ ట్యూ అను గ్రామమందు ఫాక్లాండునకు విశాలమైన యిల్లుండెను. విశ్వవిద్యాలయ పండితులు తమ యిచ్చ వచ్చినపుడు వచ్చి, తమ గదులలో దిగి, గ్రంథాలయమున చదువుకొని, భోజనవేళకు కూడుకొనెడివారట. ఎవరు వచ్చిరో ఎవరు పోయిరో గృహస్థునకు ఆ వేళనే తెలియుచుండెడిది. చిల్లింగువర్తు, పిమ్మట ప్రధాన మతాచార్యుడైన షెల్డను మొదలగువారు అచ్చట గుమిగూడి మతమందు బుద్ధికి గల స్థానమెట్టిది, పూర్వాచారమునకు గల ప్రమాణమెంతటిది యని వాదించుకొనెడివారు. ఉద్రేకమును, మతావేశమును వారు సహింపరైరి. మితము, వివేకము, పరంపరాగతమగు చట్టము అను మూడింటిని ఆశ్రయించి దేశము సుఖముగా నుండగలదని వారి విశ్వాసము. హైడు కడపటి శ్వాస వరకు ఈ విశ్వాసముననే బ్రదికెను; దేశము మాత్రము అందుండి రెండు వైపులకును తొలగిపోయెను.

1640లో అతడు పార్లమెంటు సభ్యుడయ్యెను. అప్పటి హైడు రాజపక్షపాతి కాడు. మొదటి ఛార్లెసు పార్లమెంటును పిలువక పదునొకండేండ్లు పరిపాలించి, అనుమతి లేకయే ఓడల పన్ను మొదలైన పన్నులు వసూలు చేసియుండెను. ఆ పన్ను ధర్మమేయని తీర్పు చెప్పిన న్యాయమూర్తులను, రాజు ప్రత్యేకాధికారముపై వెలసిన న్యాయస్థానములను హైడు సభలో తీవ్రముగా ఖండించెను. చట్టమునకు లోబడనివాడు రాజైనను తప్పే యనుట అతని వాదము. కాని 1641 ముగియువేళకు పార్లమెంటు నాయకులు రాజాధికారమును చట్టబద్ధము చేయుటతో తృప్తి చెందక, సైన్యమును, మంత్రులను, మతసంస్థను తామే వశము చేసికొనదలచిరి. రాజు దోషములనెల్ల వరుసగా పేర్కొని ప్రజల యెదుట నిలుపునట్టి మహావిజ్ఞప్తిని ఆ నవంబరులో సభ 159 ఓట్లతో అంగీకరించెను, వ్యతిరేకించినవి 148. ఆ 148 మందిలో హైడు ఒకడు. రాజు చట్టము మీరినపుడు రాజునెదిరించినవాడు, పార్లమెంటు చట్టము మీరబోవుచున్నదని తలచి రాజు పక్షమున నిలిచెను. పక్షము మారినను అతడు పట్టిన సూత్రము మారలేదు. ఈ సూక్ష్మమును అతని కాలమువారు గుర్తింపలేదు. తొలి మిత్రులకు ద్రోహిగను, కొందరు రాజభక్తులకు నమ్మదగనివాడుగను అతడు తోచెను.

1642లో అంతర్యుద్ధము పుట్టెను. రాజు పేర వెలువడిన ప్రత్యుత్తరములు, ప్రకటనలు పెక్కు హైడు రచనములే. కత్తి పట్టినవాడు కాడు. అతని యాయుధము వాక్యము. మరుసటి యేట రాజు అతనికి నైటు బిరుదమును, ధనాగార ఛాన్సలరు పదవిని ఒసగెను. ఆ యేటనే, సెప్టెంబరు 20న, న్యూబరీ రణరంగమున ఫాక్లాండు మరణించెను. శాంతి కొరకు తపించి తపించి, స్వదేశీయులు ఒకరినొకరు చంపుకొనుట చూడలేక మృత్యువునే కోరినవానివలె ఆ మిత్రుడు తుపాకుల యెదుటికి గుఱ్ఱమును దుమికించెను. ఆ మరణము హైడు హృదయమున మానని గాయమయ్యెను.

రాజసేనలు ఓడనారంభించినపుడు బాలుడగు యువరాజును ఇంగ్లండు పశ్చిమ భాగమునకు తప్పించిరి. వెంట వెళ్లిన సలహాదారులలో హైడు ఒకడు. 1646 మార్చిలో వారు సిల్లీ దీవులకు చేరిరి. తిండికి గూడ కరవైన ఆ దీవిలో, ఓటమి నిశ్చయమైన ఆ దినములలో, మార్చి 18న, హైడు కాగితము ముందుంచుకొని తన కాలపు విప్లవ చరిత్రమును వ్రాయ మొదలిడెను. యువరాజు ఫ్రాన్సునకు పోవుట మంచిది కాదని అతడు వాదించెను. యువరాజు పోగా తాను జెర్సీ దీవిలో నిలిచి రెండేండ్లు చదువుచు వ్రాయుచు గడపెను. అతని జీవితమున సుఖమని చెప్పదగిన కాలము ఆ రెండేండ్లేయని తలచుట తప్పు కాదు. భార్యాబిడ్డలు దూరమున నున్నను, ధనము లేకున్నను, రాజాస్థానపు కుట్రలు అచ్చటికి చేరలేదు. తెల్లకాగితము అతని మాట వినెను.

1649 జనవరి 30న మొదటి ఛార్లెసు శిరస్సు ఖండింపబడెను. తరువాతి పదునొకండేండ్లు హైడు జీవితము ఊరూర తిరుగుటలోనే గడచెను: సాయము యాచించుటకు మాడ్రిడు నగరమునకు నిష్ఫలమైన దౌత్యము, పిమ్మట ఆంట్వర్పు, పారిసు, కొలోను, బ్రూజెసు. పోయిన రాజు కొడుకు గనుక రెండవ ఛార్లెసు రాజేయైనను, అతనికి దేశము లేదు, బొక్కసము లేదు. చలికాలమున ఒడలు కప్పుకొనుటకు తగిన బట్టలును, కుంపటికి కట్టెలును లేవని హైడు మిత్రులకు వ్రాసిన జాబులు నేటికిని నిలిచియున్నవి. ఆ దారిద్ర్యమునందే 1658 జనవరిలో రాజు అతనికి లార్డు ఛాన్సలరు పదవి నిచ్చెను. దేశములేని రాజునకు ప్రధాన మంత్రియగుట పరిహాసాస్పదముగా నితరులకు తోచియుండవచ్చును. హైడు మాత్రము రాజ్యమున్నట్లే పత్రములు సిద్ధపరచెను, జాబులు వ్రాసెను, విదేశ సైన్యముతో స్వదేశముపై పడుట కీడని రాజునకు బోధించెను. ఆంగ్లేయులే తమ రాజును పిలుచుకొనువరకు వేచియుండుడనుటయే ఆయన నీతి. దుందుడుకు యువకులకు అది రుచింపలేదు. చివరకు గెలిచినది ఆ నీతియే.

1660 ఏప్రిలు 4న రాజు పేర వెలువడిన బ్రేడా ప్రకటనమును చదివినవారికి అతని ప్రజ్ఞ అవగతమగును. పార్లమెంటు మినహాయించువారు తప్ప తక్కిన ప్రత్యర్థులకెల్ల క్షమాదానము, మతవిషయమున సున్నితమగు అంతరాత్మ గలవారికి స్వేచ్ఛ, సైనికులకు జీతపు బకాయిలు, చేతులు మారిన భూములకు తీర్పు – ఇన్నింటిని వాగ్దానము చేసి, ప్రతిదాని చివరను నిర్ణయము పార్లమెంటుదని చేర్చెను. రాజు ఉదారుడుగా కనబడెను. అప్రియమైన నిర్ణయములెల్ల సభపై పడినవి. అంతకంటె ముఖ్యము, రాజు తిరిగి వచ్చుచున్నది చట్టము ననుసరించియే యని దేశమునకు స్పష్టమయ్యెను. తరువాత వచ్చిన క్షమాశాసనమునందు రాజవధకు తీర్పు చెప్పిన కొందరు దప్ప తక్కినవారు రక్షింపబడిరి. ఇరువది యేండ్లు పగలతో రగిలిన దేశమున ఇంత తక్కువ రక్తముతో ముగియుట సామాన్యము కాదు. ప్రవాసమున సర్వస్వము గోల్పోయి వచ్చిన రాజభక్తులు మాత్రము తమ భూములు తమకు రాలేదని, శత్రువులకే క్షమ దొరకినదని హైడును నిందించిరి. అతని పతనమునకు మొదటి విత్తనము అతని మేలైన కార్యముననే పడెను.

వైభవపు తొలి దినములలోనే గృహమున ఒక పిడుగు పడెను. అతని పెద్ద కుమార్తె ఆన్, రాజు సోదరి మేరీ యొద్ద పరిచారికగా నుండి, రాజు తమ్ముడగు యార్కు డ్యూకు జేమ్సును ప్రేమించి గర్భవతియై, 1660 సెప్టెంబరు 3న రాత్రివేళ తండ్రి యింటనే తండ్రికి తెలియకుండ అతనిని రహస్యముగా వివాహమాడెను. విన్న తండ్రి ఆనందింపలేదు. రాజకుమారునితో ఇట్టి సంబంధము తాను కోరి కుదుర్చుకొన్నానని లోకము తలచుననియు, అట్టి అపవాదముకంటె కుమార్తె చెరసాలలో పడి శిక్ష నొందుటయే మేలనియు క్రోధావేశమున పలికెనట. ఆ మాటలలో కొంత నాటకమున్నదని సమకాలికులు శంకించిరి. కన్నతండ్రి నోట అట్టి మాట వచ్చుట నేటి మన చెవులకు క్రూరముగానే తోచును. కాని అతని భయము నిష్కారణము కాదు: సామాన్య న్యాయవాది కుమార్తె సింహాసనమునకు అంత చేరువగుట ప్రభువులెవ్వరును క్షమింపరు. రాజు ఆ వివాహము నంగీకరించెను. ఆ దంపతుల కూతుండ్రిద్దరు, మేరీయు ఆన్‌యు, కాలక్రమమున ఇంగ్లండునకు రాణులైరి.

1661 ఏప్రిలులో పట్టాభిషేక సందర్భమున హైడు క్లారెండను ఎర్లుగా ప్రభుపదవి పొందెను. రాజు అతనికి 20,000 పౌనులు బహూకరించెను. నాటి ప్రభువు జీవితమనగా భూములు, మేళ్లు, మెప్పులు మాత్రమే కాదు, కంటికి కనబడు ఆడంబరము గూడ నొక విధియై యుండెను. ఆశ్రితులను పోషింపవలెను, చిత్రములు సేకరింపవలెను, నగరమున తన స్థాయిని రాతితో చాటవలెను. క్లారెండను ఈ విషయమున వివేకమును కోల్పోయెనని ఒప్పుకొనక తప్పదు. పికడిల్లీ వీథిలో, శిల్పి రోజరు ప్రాటు రచించిన పథకము ననుసరించి, 1664లో అతడారంభించిన మహాభవనము అంతకుముందు లండను చూడనంత ఠీవితో లేచెను. జాన్ ఎవెలిను వంటి రసికులు దానిని ఎంతయో ప్రశంసించిరి. కట్టుచున్నపుడే 1665లో ప్లేగు మహామారి నగరమును తుడిచిపెట్టెను, 1666లో మహాగ్నిప్రమాదమున వేలకొలది యిండ్లు బూడిదయ్యెను. నిలువ నీడలేని ప్రజలు, దగ్ధమైన సెయింటు పాలు దేవాలయపు మరమ్మతునకు కూర్చిన రాళ్లతో మంత్రి మేడ కట్టుకొనుచున్నాడని చెప్పుకొనిరి. వ్యయము తాననుకొన్నదానికంటె మిక్కిలి యెక్కువయైనదని, దానివలన కలిగిన అసూయ తనను ముంచినదని క్లారెండనే పిమ్మట వ్రాసికొనెను.

లార్డు ఛాన్సలరుగా అతడు రాజు మహాముద్రను వహించియున్న కాలమున జరిగిన కొన్ని కార్యముల ఫలము మన దేశమునకును తగిలినది. 1661 ఏప్రిలులో ఈస్టిండియా కంపెనీకి రాజు క్రొత్త సనదు నిచ్చెను. క్రైస్తవేతర రాజులతో యుద్ధము, సంధి చేయు అధికారమును, తమ కోటలలో న్యాయము నడపు అధికారమును దానివలన వర్తకులకు లభించినవి. మచిలీపట్టణమున 1611నుండి వర్తకశాల నడపుచు, దామెర్ల వేంకటాద్రి నాయకుని యనుమతితో చెన్నపట్టణమున కోట కట్టుకొనియుండిన ఆ కంపెనీ, వాణిజ్య సంఘమునుండి రాజ్యాధికారమువైపు వేసిన అడుగులలో అది యొకటి. 1662లో ఛార్లెసు పోర్చుగీసు రాజకుమారి కేథరినును వివాహమాడినపుడు 3,00,000 పౌనుల అరణముతో పాటు ఆఫ్రికా తీరపు టాంజియరును, మన బొంబాయియు ఇంగ్లండునకు వచ్చినవి. క్లారెండను పతనానంతరము, 1668లో, సాలునకు పది పౌనుల కౌలుపై రాజు బొంబాయిని కంపెనీకి ఇచ్చివేసెను. ఇంగ్లండు ప్రజలకు ఈ వివాహములో కనబడినది ఒక్కటే: రాణికి సంతానము కలుగలేదు. తన మనుమలకు సింహాసనము దక్కుటకై మంత్రి తెలిసియే గొడ్రాలిని తెచ్చెనని ఒక దుష్ప్రచారము పుట్టెను. దీనికి ఆధారమేమియు లేదు.

మతవిషయమున 1661 మొదలు 1665 వరకు వెలువడిన నాలుగు శాసనములకు చరిత్రకారులు అతని పేరే పెట్టిరి. మొదటిది ఇంగ్లండు చర్చిలో చేరనివారికి పురపాలనమున స్థానము లేదనెను. రెండవది మతాచార్యులెల్లరు ఒకే ప్రార్థనా గ్రంథమును సంపూర్ణముగా నంగీకరింపవలెననెను. దీనివలన కొంచెము తక్కువగా రెండువేలమంది ఆచార్యులు జీవనోపాధి కోల్పోయిరి. మూడవది, ఇంటివారు గాక ఐదుగురికంటె ఎక్కువమంది వేరు పద్ధతిలో ప్రార్థనకై కూడరాదనెను. నాలుగవది, వెడలగొట్టబడిన ఆచార్యులు తాము పూర్వము బోధించిన ఊరికి ఐదు మైళ్ల లోపలికి రారాదనెను. వీని వెనుక పార్లమెంటునందలి ప్రతీకారేచ్ఛయే ముఖ్యముగా నుండెను. రెండవ శాసనమునందు కొందరిని మినహాయించు అధికారము రాజునకుండవలెనని క్లారెండను ప్రభువుల సభలో యత్నించి విఫలుడయ్యెను. అయినను, బ్రేడాలో అంతరాత్మకు స్వేచ్ఛ వాగ్దానము చేసిన కలము ఈ శాసనముల యెదుట మౌనము వహించి, పిదప వానిని సమర్థించుటకు పూనుకొనెను. వేరు పద్ధతిలో ప్రార్థించు సాధువులగు క్వేకరులతో చెరసాలలు నిండినవి. మిత్రుడు ఫాక్లాండు బ్రదికియున్నచో ఈ పనికి సంతసించియుండడు.

దీనికంటె నన్ను బాధించునది వేరొకటి. ప్రమాదకారులని తోచిన కొందరిని, న్యాయస్థానముల చేతికందకుండ, దూరపు దీవులందలి కోటలకు పంపి విచారణ లేక బంధించుట అతని కాలమున జరిగెను. చట్టమే రాజునకును ప్రజకును రక్షయని యౌవనమున ఘోషించిన న్యాయవాది చేతిమీదుగా ఇది జరిగెను. 1679లో వచ్చిన హెబియసు కార్పసు శాసనము అట్టి రవాణాను నిషేధించెను.

ఇక రాజునకును మంత్రికిని నడుమ గల సంబంధము. బాల్యమునుండి తనకు నీతులు చెప్పిన గురువు ఎదుట, ముప్పది దాటి సింహాసన మెక్కిన తరువాతగూడ, ఛార్లెసు శిష్యుడుగానే నిలువవలసి వచ్చెను. క్లారెండను దీర్ఘోపన్యాసములు చేయును. రాజు ఆలస్యముగా లేచినాడనియు, పత్రములు చదువలేదనియు మొగముననే చెప్పును. రాజు ప్రియురాలగు కాజిల్‌మెయిను దొరసాని యింటికి తన భార్యను పోనీయడు. ఆమె పేర బహుమతులకు మహాముద్ర వేయుటకు వెనుదీయును. క్రొత్తగా వచ్చిన రాణికి ఆ దొరసానినే శయ్యాగారపు పరిచారికగా నియమింపదలచినపుడు అతడు రాజును వారించెను. రాజు కోపించి పట్టుపట్టగా, ఆ వారించినవాడే రాణి యొద్దకు పోయి ఓర్చుకొమ్మని బోధింపవలసి వచ్చెను. ఎంత నిష్ఠ గల మంత్రికైనను సేవలో లొంగుబాటు తప్పదయ్యె; లొంగినను రాజు మన్నన మిగులలేదు. బకింగాము డ్యూకు కొలిమి తిత్తిని ముద్రసంచివలెను, నిప్పుల గరిటెను రాజదండమువలెను పట్టించుకొని, వృద్ధుని కుంటినడకను అనుకరించి రాజును నవ్వించెడివాడు. రాజు నవ్వెను. ఇరువది యేండ్లు తనకొరకు చలిలో ఆకటిలో నడచిన కాళ్లవి.

1662లో డంకర్కు రేవును ఫ్రెంచి రాజు పదునాలుగవ లూయీకి అమ్మిరి. దాని రక్షణకు ఏటేట లక్ష పౌనులకు పైగా వ్యయమగుచుండుటచే అమ్మకము లెక్కకు సరియైనదే. ప్రజాభిమానమునకు మాత్రము అది అవమానము. మంత్రి లంచము తిని ఆ సొమ్ముతో మేడ కట్టుచున్నాడని, ఆ మేడకు డంకర్కు భవనమని పేరిడిరి. పిదప హాలండుతో యుద్ధము వచ్చెను. క్లారెండను దానిని వలదనెను. వర్తకులు, యువ ప్రభువులు కోరిరి. బొక్కసము వట్టిపోయి పెద్ద ఓడలను రేవున కట్టివేసిన 1667 జూనులో డచ్చివారు మెడ్వే నదిలో ప్రవేశించి, నౌకలను తగులబెట్టి, 'రాయల్ ఛార్లెసు' అను పెద్ద నౌకను లాగుకొనిపోయిరి. ఛార్లెసును హాలండునుండి స్వదేశమునకు తెచ్చిన నౌక యదియే. కోపించిన జనము క్లారెండను మేడ ముందరి చెట్లు నరికి, కిటికీలు పగులగొట్టి, ద్వారముపై ఉరికంబపు బొమ్మ వ్రాసి, డంకర్కు, టాంజియరు, గొడ్రాలు రాణి అను మూడు నేరములను పద్యముగా కూర్చి అంటించిరి. యుద్ధము కోరినవారు తప్పించుకొనిరి, వలదన్నవాడు అపరాధియయ్యెను. రాజభక్తులకును, స్వతంత్ర మతస్థులకును, పార్లమెంటునకును, రాజు విదూషకులకును ఒకేసారి కానివాడై, రెంటికి చెడిన రేవడి యను సామెతకు అతడు మించిన యుదాహరణ మయ్యెను.

ఆ ఆగస్టులో భార్య ఫ్రాన్సెసు మరణించెను. ఆ దుఃఖము మూడు వారములు కాకమునుపే రాజు, మంత్రి యల్లుడగు యార్కు డ్యూకు ద్వారా కబురంపెను: ముద్రను తిరిగి యిచ్చివేయవలెను. వృద్ధుడు వైట్‌హాలు భవనమునకు స్వయముగా పోయి రాజుతో రెండు గంటలు వాదించెను. నేరము చేసినవానివలె తనంత తాను తొలగుట తనకు సమ్మతము కాదనెను. కదలి వచ్చుచున్నపుడు కాజిల్‌మెయిను దొరసాని ప్రక్కనుండి లేచి వచ్చి నిలిచి, అతని పోకను చూచి సంతసించెనని సమకాలికుడగు పీప్సు దినచర్యవలన తెలియుచున్నది. ఆగస్టు 30న ముద్ర పోయెను. పార్లమెంటు పదునేడు నేరములు మోపెను. ప్రభువుల సభ మాత్రము, ప్రత్యేక నేరము నిరూపింపక కేవలము రాజద్రోహమను పేరుతో ఒక ప్రభువును బంధింపరాదనెను. తాను నమ్మిన చట్టము అతనికి చేసిన కడపటి మేలది. ఆ రెండు సభల కలహము ముదరగా, ఇతడు దేశము విడిచినచో బాగుండునని రాజు కబురులు పంపించెను. నవంబరు 29 రాత్రి వాతరక్తమున నడువలేని ఆ వృద్ధుడు ఓడ నెక్కి, ఎదురుగాలిలో మూడు దినములు కొట్టుకొని కాలే రేవునకు చేరెను. ప్రభువులకు వ్రాసియుంచిపోయిన సమాధానపత్రమును తలారిచేత దహింపజేసిరి. మరల స్వదేశమున అడుగుపెట్టుట రాజద్రోహమని శాసించిరి.

ఫ్రాన్సులోను ప్రశాంతి దొరకలేదు. 1668 ఏప్రిలులో ఎవ్రూ పట్టణమున, జీతములు రాలేదని మండిపడుచున్న ఆంగ్ల నావికుల గుంపొకటి అతని బసపై బడి, తలుపులు విరుగగొట్టి, తలపై కత్తితో గొట్టి ఈడ్చుచుండగా స్థానికాధికారులు వచ్చి కాపాడిరి. ఆ వేసవిలో మాన్‌పెలియే చేరుకొనెను. అచ్చట నగరవాసులు మర్యాద చేసిరి. ఎండ అతని కీళ్లకు మేలు చేసెను. మరల కలము పట్టెను. చెంత పూర్వపు కాగితములు లేకున్నను జ్ఞాపకమునుండి స్వీయచరిత్రమును వ్రాసెను. ఫ్రెంచి, ఇటాలియను భాషలను అభ్యసించెను. కీర్తనములపై వ్యాఖ్యానము, పిదప హాబ్సు తత్త్వవేత్త గ్రంథముపై దీర్ఘ ఖండనము వ్రాసెను. కుమార్తె ఆన్ రోమను మతము స్వీకరించినదని విని తల్లడిల్లి ఆమెకు జాబు వ్రాసెను. 1671 మార్చిలో ఆమె మరణించినది. ఆ సంవత్సరముననే కుమారుడు లారెన్సు సెలవు పొంది చూడవచ్చి, జెర్సీలో వ్రాసిన పాత వ్రాతప్రతులను తెచ్చి యిచ్చెను. ఇరువదియైదేండ్లనాటి చరిత్రమును, క్రొత్తగా వ్రాసిన స్వీయచరిత్రమును కలిపి, కొరవడిన భాగములను పూరించి, మూలాన్ పట్టణమున 'ఇంగ్లండునందలి తిరుగుబాటు చరిత్రము' అను మహాగ్రంథముగా కూర్చెను.

స్వదేశమున మరణించుటకైనను అనుమతి యీయుడని రాజునకు అనేక పర్యాయములు వ్రాసెను. ప్రత్యుత్తరము రాలేదు. తీరమునకు చేరువగా రువాన్ నగరమునకు వచ్చి, 1674 డిసెంబరు 9న అక్కడనే కన్నుమూసెను. బ్రదికియుండగా రానీయని దేశము శవమును రానిచ్చెను. వెస్టుమినిస్టరు దేవాలయమున సమాధి చేసిరి. పికడిల్లీ భవనమును కొన్నవారు 1683లో పడగొట్టి ఆ స్థలమును ముక్కలుగా అమ్ముకొనిరి. నేటి ఆల్బెమార్లు వీథి, డోవరు వీథి ఆ నేలపై వెలసినవే.

గ్రంథము మాత్రము నిలిచెను. 1702 మొదలు 1704 వరకు, మనుమరాలగు ఆన్ రాణి పాలించుచుండగా, ఆక్సుఫర్డున మూడు పెద్ద సంపుటములుగా అది అచ్చుపడెను. దానివలన వచ్చిన ధనసహాయమున విశ్వవిద్యాలయము ముద్రణాలయమునకు హాక్సుమూరు రచించిన క్రొత్త భవనము కట్టించి అతని పేరిడెను. ఆ ముద్రణాలయపు పండిత గ్రంథములపై క్లారెండను ప్రెస్సు అను పేరు నేటికిని కనబడుచున్నది. ఆ చరిత్రమున లోపములు లేకపోలేదు. జ్ఞాపకమునుండి వ్రాసిన భాగములలో తేదీలు తారుమారైనవి. పార్లమెంటు పక్షపు ప్యూరిటనుల మతోద్వేగము వెనుకనున్న నిజాయితీని గ్రహించు ఓర్పు అతనికి లేదు. సామాన్య జనము అతని పుటలలో దూరమున వినబడు కోలాహలము మాత్రమే. కాని మనుష్యుల స్వభావమును చిత్రించుటలో అతనికి సాటి వచ్చువారు ఆ శతాబ్దమున ఆ భాషలో అరుదు. ఒకే దీర్ఘ వాక్యమున ఒక మనుష్యుని గుణము, దానినంటియుండు దోషము, ఆ దోషమును క్షమింపజేయు సందర్భము ఒకదానినొకటి మోసికొని వచ్చును.

ఈ గ్రంథమును చదువదలచిన మనవారు మొదటి పుటనుండి ఆరంభింపనక్కరలేదు. ఏడవ భాగమునందలి ఫాక్లాండు చిత్రణము మొదట చదువవచ్చును. ఆ తరువాత గ్రంథాంతమున ఆలివరు క్రామ్వెలును గూర్చి వ్రాసినది. తన రాజును చంపించి తనను వెలివేసినవాని ధైర్యమును, కార్యదక్షతను, విదేశములలో అతడు నిలిపిన దేశగౌరవమును క్లారెండను దాచలేదు. అతని దుష్టత్వమును ఖండించుచునే ఆ శక్తికి తల వంచెను. మొదటిది జెర్సీలో, మిత్రవియోగము పచ్చిగానున్న దినములలో వ్రాసినది. రెండవది, తాను నిలబెట్టిన రాజు తన జాబునకు బదులైనను వ్రాయని దినములలో, ఫ్రాన్సులో వ్రాసినది.